పెళ్లి క్యాసెట్టు తిప్పే ముందు

బీరువా అడుగు అరలో, పాత పట్టుచీరల కింద నుంచి ఒక నల్లటి ప్లాస్టిక్ డబ్బా బయటపడుతుంది. పైన అంటించిన కాగితం మీద పెళ్లికూతురి పేరు, పెళ్లికొడుకు పేరు, తేదీ, కల్యాణ మండపం పేరు ఉంటాయి. ఇంటిల్లిపాదికీ ఒక్కసారిగా హుషారు పుడుతుంది. అటక మీది వీసీఆర్‌ను దింపుతారు. గుడ్డతో దుమ్ము దులిపి, ప్లగ్గు పెట్టి, క్యాసెట్టును లోపలికి తోస్తారు. బొమ్మ వచ్చీరానట్టు ఊగుతుంది. కిర్రుమన్న చప్పుడు. ఆగిపోతుంది. బయటికి తీయబోతే క్యాసెట్టుతోపాటు కొంత రీలు వేలాడుతూ వస్తుంది, మిగతాది లోపలే ఎక్కడో చుట్టుకుని ఉంటుంది. అప్పుడు ఎవరో ఒకరు ఆగలేక ఆ రీలును పట్టుకుని లాగేస్తారు.

లాగినప్పుడు పాడైన జానెడు రీలులో ఏముంటుందో లెక్క వేయవచ్చు. మన దేశంలో వాడిన పాల్ పద్ధతిలో వీహెచ్‌ఎస్ టేపు సెకనుకు 23.39 మిల్లీమీటర్లు నడుస్తుంది. జానెడంటే దాదాపు 23 సెంటీమీటర్లు, అంటే పది సెకన్లు. అవి తలంబ్రాలు మొదలైన పది సెకన్లు కావచ్చు. ఇప్పుడు లేని తాతయ్య అక్షతలు వేసి, పెళ్లికొడుకు భుజం తట్టి, పక్కకు తప్పుకున్న పది సెకన్లూ కావచ్చు.

ఈ నష్టంలో పాత యంత్రం పాలు ఎంతుందో, తొందర పాలూ అంతే ఉంది. వీసీఆర్ పోతే మరొకటి వెతికి తెచ్చుకోవచ్చు. ఆ క్యాసెట్టు మాత్రం ఒక్కటే. అందుకని పని వరస ఇలా ఉండాలి: ముందు క్యాసెట్టును పరీక్షించడం, తర్వాత యంత్రాన్ని శుభ్రం చేయడం, ఆ తర్వాత ఎవరికీ అక్కరలేని ఏ పాత సినిమా క్యాసెట్టో పెట్టి గంటసేపు తిప్పి చూడటం. పెళ్లి క్యాసెట్టు వంతు అన్నిటికన్నా చివర రావాలి. ఈ వరస పాటించిన ఇళ్లలో రీలు నలగడం అరుదు.

టేపు నడిచే దారి

యంత్రం మీద చెయ్యి వేయాలంటే లోపల టేపు ఏ దారిన పోతుందో ముందు తెలియాలి. ఆ దారి తెలిసిన మనిషికి సగం భయం పోతుంది, అనవసరమైన ధైర్యం కూడా పోతుంది.

బొమ్మకు కావలసిన సంకేతం శబ్దానికి కావలసినదానికన్నా వంద రెట్లకు పైగా పెద్దది. దాన్ని మామూలు పాటల టేపులాగా సూటిగా రాయాలంటే టేపు భయంకరమైన వేగంతో పరిగెత్తాలి. 1956లో అమెరికాలో ఆంపెక్స్ సంస్థ దీనికి ఒక దారి కనిపెట్టింది. టేపును నెమ్మదిగా నడిపిస్తూ, హెడ్లనే వేగంగా తిప్పడం ఆ ఉపాయం. ఆ యంత్రం టేపు రెండు అంగుళాల వెడల్పు ఉండేది. యంత్రాన్ని కొనగలిగినవి టీవీ స్టేషన్లే. అదే ఆలోచనను ఇంట్లో టీవీ కింద పట్టే పెట్టెలోకి కుదించడానికి ఇరవై ఏళ్లు పట్టింది. సోనీ బీటామ్యాక్స్ 1975లో, జేవీసీ వీహెచ్‌ఎస్ 1976లో జపాన్ బజారులోకి వచ్చాయి. వీహెచ్‌ఎస్ టేపు వెడల్పు అరంగుళం.

క్యాసెట్టు లోపలికి పోగానే దాని ముందు మూత లేస్తుంది. రెండు చిన్న స్తంభాలు టేపు వెనక నుంచి కదిలి, దాన్ని బయటికి లాగి, కాస్త వాలుగా కూర్చున్న మెరిసే డ్రమ్ము చుట్టూ సగానికి పైగా చుడతాయి. ఆ డ్రమ్ము అడ్డుకొలత 62 మిల్లీమీటర్లు. దాని పైసగం నిమిషానికి 1,500 సార్లు తిరుగుతుంది. అంచున ఎదురెదురుగా రెండు హెడ్లు ఉంటాయి, ఒక్కొక్కటి సూదిమొనంత. డ్రమ్ము వాలుగా ఉంది గనుక హెడ్డు టేపు మీద ఏటవాలు గీత గీసుకుంటూ పోతుంది. ఒక్కో గీత వెడల్పు 49 మైక్రాన్లు, తల వెంట్రుక కంటే సన్నం. సెకనుకు 50 గీతలు. నత్తలా నడిచే టేపు మీద హెడ్డు సెకనుకు దాదాపు 4.9 మీటర్ల వేగంతో దూసుకుపోతుంది.

డ్రమ్ము దాటాక టేపు మరో హెడ్డును తాకుతుంది. అది కదలదు. టేపు పై అంచున ఉన్న మాటలను, పాటలను చదివేది అదే. కింది అంచున ఉన్న తాళపు గుర్తులను చదివేదీ అదే. ఏ గీత ఎక్కడ మొదలవుతుందో హెడ్లకు చెప్పేవి ఆ గుర్తులే. ఆ తర్వాత కాప్‌స్టన్ అనే సన్నని ఉక్కు కడ్డీ, దానికి ఆనుకునే నల్లటి రబ్బరు చక్రం వస్తాయి. ఆ చక్రాన్ని పించ్ రోలర్ అంటారు. టేపును ముందుకు నడిపేది ఈ జంటే. చివరికి టేపు కుడివైపు చక్రానికి చుట్టుకుంటుంది.

క్యాసెట్టును యంత్రం ‘మింగడం’ ఎలా జరుగుతుందో ఇప్పుడు సులువుగా తెలుస్తుంది. కాప్‌స్టన్, రబ్బరు చక్రం టేపును ముందుకు తోస్తూనే ఉంటాయి. కుడిచక్రాన్ని తిప్పే చిన్న రబ్బరు పట్టీయో బెల్టో ఏళ్ల తరబడి గట్టిపడి జారిపోతుంటుంది. వచ్చిన టేపును చుట్టుకునే దిక్కు లేదు. అది లోపలే పోగుపడుతుంది. చాలా యంత్రాల్లో దీన్ని పసిగట్టే ఏర్పాటు ఉంది. కుడిచక్రం తిరగడం లేదని తెలిస్తే నాలుగైదు సెకన్లలో అవే ఆగిపోతాయి. ‘పెట్టిన కాసేపటికే ఆఫ్ అయిపోతోంది’ అని విసుక్కుని మళ్లీ మళ్లీ నొక్కేవాళ్లు తెలుసుకోవలసింది ఇదే. ఆ యంత్రం క్యాసెట్టును కాపాడుతోంది.

బొమ్మే చెబుతుంది

అనుభవమున్న మెకానిక్ పెట్టె విప్పకముందే సగం జబ్బు చెప్పేస్తాడు. అతను చూసేది తెర మీది బొమ్మనే. ఈ విద్య ఎవరైనా నేర్చుకోవచ్చు.

తెర నిండా చుక్కలు ముసురుకుని, మాటలు మాత్రం స్పష్టంగా వినిపిస్తుంటే, తిరిగే హెడ్లకు మురికి పట్టిందన్నమాట. మాటలు చదివేది వేరే హెడ్డు గనుక వాటికేమీ కాలేదు. రెండింటిలో ఒక్క హెడ్డే మూసుకుపోతే బొమ్మ, చుక్కలు ఒకదాని వెంట ఒకటి రెపరెపలాడతాయి. తెరకు అడ్డంగా ఒక చుక్కల పట్టీ నిలబడితే ట్రాకింగ్ బొత్తాన్ని మెల్లగా అటూ ఇటూ తిప్పి చూడాలి. పట్టీ కిందికో పైకో జారి మాయమైతే జబ్బేమీ లేదు. రికార్డు చేసిన యంత్రానికీ, ఇప్పుడు తిప్పుతున్న యంత్రానికీ మధ్య కొద్దిపాటి తేడా, అంతే. మాటలు సాగదీసినట్టు, ముద్దగా వస్తుంటే రబ్బరు చక్రాన్నో కాప్‌స్టన్‌నో అనుమానించాలి. బొమ్మ బాగుండి మాట పడిపోతుంటే టేపు పై అంచు నలిగి ఉండవచ్చు. కింది అంచు నలిగితే తాళం తప్పి బొమ్మ ఉండుండి చెదిరిపోతుంది.

ఒక మోసం గురించి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. తర్వాతి కాలపు వీసీఆర్లు, కొత్త టీవీలు సంకేతం బలహీనంగా ఉంటే తెర మొత్తాన్ని నీలం చేసేస్తాయి. ‘క్యాసెట్టులో ఏమీ లేదు, చెరిగిపోయింది’ అని పారేసిన క్యాసెట్లలో ఎన్నింటిలో బొమ్మ బతికి ఉందో ఎవరికీ తెలియదు. ఆ నీలం తెరను మెనూలోకి వెళ్లి ఆపేయడమో, పాత డబ్బా టీవీకి కలిపి చూడడమో చేశాకే తీర్పు చెప్పాలి.

క్యాసెట్టుకు పరీక్ష

క్యాసెట్టును వెలుతురులో పెట్టి పైనున్న అద్దాల్లోంచి టేపు చుట్టను చూడాలి. నల్లగా, నున్నగా, ఒకే ఎత్తులో ఉంటే మంచిదే. తెల్లటి పొడిలాగానో, దూది పోగుల్లాగానో మచ్చలు కనిపిస్తే అది బూజు. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వంటి సముద్రపు గాలి ఊళ్లలో, వానాకాలంలో గోడలు చెమ్మగిల్లే ఇళ్లలో ఇది మామూలే. బూజు పట్టిన క్యాసెట్టును ఎంత ఆశగా ఉన్నా యంత్రంలో పెట్టకూడదు. ఆ బూజు హెడ్లను మూసేస్తుంది, తర్వాత పెట్టిన ప్రతి క్యాసెట్టుకూ అంటుకుంటుంది, పీల్చినవాళ్ల ఊపిరితిత్తులకూ మంచిది కాదు. దాన్ని విడిగా ఒక సంచిలో పెట్టి, ఇలాంటి టేపులను శుభ్రం చేసే ఏర్పాటున్న చోటికే పంపాలి.

చెమ్మ ఆరుతుందని కొందరు క్యాసెట్లను వడియాల్లా ఎండలో పెడతారు. అది ఘోరమైన తప్పు. మన ఎండకు పెంకు వంకరపోతుంది, టేపు చుట్ట సాగుతుంది, సాగిన టేపు బొమ్మ పైభాగాన్ని ఒక పక్కకు లాగేస్తుంది. నీడలో, గాలి తగిలే గదిలో, సిలికాజెల్ పొట్లాలు వేసిన డబ్బాలో కొన్నాళ్లు ఉంచితే చాలు. బీరువాలో బట్టలకు వేసే కలరా ఉండలు కూడా ఈ డబ్బా దగ్గర వద్దు. ఆ ఆవిరి ప్లాస్టిక్‌కు మంచిది కాదు.

తర్వాత చేయవలసింది వెనక అంచున ఎడమవైపు ఉన్న చిన్న ప్లాస్టిక్ పలకను చూడటం. అది ఉంటే ఆ క్యాసెట్టు మీద మళ్లీ రికార్డు చేయవచ్చని అర్థం. దాన్ని స్క్రూడ్రైవర్‌తో విరిచేయాలి. ఒక్క తప్పు బొత్తాం నొక్కితే అప్పగింతల మీద సీరియల్ రికార్డయిపోయిన ఇళ్లు ఎన్నో ఉన్నాయి. ఆ ప్రమాదాన్ని తప్పించేది ఈ అరసెకను పనే.

టేపు లోపల బిగుసుకుందేమో చూడాలంటే చక్రాలను చేత్తో తిప్పాలి. అయితే వాటికి బ్రేకు ఉంటుంది. క్యాసెట్టు అడుగున మధ్యలో ఉన్న చిన్న రంధ్రంలోకి పెన్సిల్ మొన దూరిస్తే బ్రేకు వదులుతుంది. అప్పుడు చక్రం సులువుగా తిరిగితే పనికొస్తుంది. గట్టిగా పట్టేస్తుంటే పెంకు ఐదు మరలు విప్పి టేపు చుట్టలను మంచి పెంకులోకి మార్చుకోవచ్చు. తెగిన టేపును కూడా అలాగే పైకి తీసి అతకాలి. స్టేషనరీ షాపులో దొరికే పారదర్శక టేపుతో మాత్రం అతకకూడదు. దాని జిగురు ఎండకు కారి హెడ్లకు అంటుతుంది, అతుకు ఊడిన ముక్క తిరిగే హెడ్డును విరిచేస్తుంది. అతకడానికి ప్రత్యేకమైన స్ప్లైసింగ్ టేపు ఉంది. అది దొరకకపోతే ఆ పని ఆపేసి చేతనైనవాళ్లకు ఇవ్వాలి.

పెట్టె విప్పాక

ప్లగ్గు పీకకుండా పైరేకు విప్పకూడదు. ప్లగ్గు పీకాక కూడా కరెంటు సరఫరా ఉండే మూలను ముట్టుకోకూడదు. 230 వోల్టుల కరెంటు అక్కడ 320 వోల్టులు దాటిన డీసీగా మారి పెద్ద కెపాసిటర్లో నిలవ ఉంటుంది, కొన్నిసార్లు ప్లగ్గు పీకిన కాసేపటి దాకా కూడా. ఫ్యూజు పదే పదే కొట్టేస్తుంటే దాని బదులు రాగితీగ చుట్టడం ఇల్లు తగలబెట్టుకునే పని. ఆ మూల మెకానిక్‌దే.

ముందు చూడవలసింది దుమ్ము, చీమలు, బల్లి గుడ్లు. వెచ్చగా ఉండే పెట్టె గనుక పురుగులు దాన్ని ఇల్లు చేసుకుంటాయి. మెత్తటి కుంచెతో వాటిని తీసేశాక హెడ్ల సంగతి.

దీనికి 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కావాలి. మందుల షాపు స్పిరిట్ వద్దు, అందులో నీళ్లు, ఇతర పదార్థాలు కలుస్తాయి. సెల్‌ఫోన్లు బాగుచేసే షాపులవాళ్లు వాడేది ఇదే, వాళ్లనడిగితే ఎక్కడ దొరుకుతుందో చెబుతారు. చెవుల్లో పెట్టుకునే దూదిపుల్లలు హెడ్ల దగ్గరికి రానీయకూడదు. పోగులు తట్టుకుని హెడ్డు విరిగిపోతుంది. పీచులేని తోలుముక్క గానీ, తడిపిన శుభ్రమైన తెల్ల కాగితపు ముక్క గానీ డ్రమ్ముకు ఆనించి కదలకుండా పట్టుకోవాలి. రెండో చేత్తో డ్రమ్ము పై అంచును పట్టి మెల్లగా నాలుగైదు చుట్లు తిప్పాలి. కాగితం మీద గోధుమరంగు గీతలు కనిపిస్తాయి. ఏళ్ల తరబడి చూసిన సినిమాల నుంచి రాలిన పొడి అది. చెయ్యి ఎప్పుడూ అడ్డంగానే ఉండాలి. పైకీ కిందికీ ఒక్కసారి రుద్దినా హెడ్డు ఊడిపోతుంది, ఊడితే ఆ యంత్రం పనికిరాదు.

మాటల హెడ్డును, కాప్‌స్టన్ కడ్డీని, టేపు తాకే ప్రతి స్తంభాన్నీ అదే ద్రవంతో తుడవచ్చు. రబ్బరు చక్రాన్ని మాత్రం ఆల్కహాల్‌తో పదే పదే తుడిస్తే రబ్బరు ఎండిపోతుంది. కొద్దిగా సబ్బునీళ్లతో తుడిచి, తడిబట్టతో ఒత్తి, బాగా ఆరనివ్వాలి. అది అద్దంలా మెరుస్తూ రాయిలా గట్టిగా ఉంటే ఎంత తుడిచినా లాభం లేదు, మార్చవలసిందే. బజారులో అమ్మే క్లీనింగ్ క్యాసెట్లలో పొడిరకం హెడ్లను కొద్దికొద్దిగా అరగదీస్తుంది. దాన్ని వారం వారం తిప్పే అలవాటు మంచిది కాదు.

డ్రమ్ముకు అటూ ఇటూ ఉన్న గైడుల మరల మీద, కొన్ని చోట్ల ఎర్రటి రంగు చుక్క ఉంటుంది. కంపెనీలో ప్రత్యేకమైన టేపు పెట్టి, వెంట్రుకవాసిలో సరిచేసి, కదలకుండా వేసిన ముద్ర అది. బొమ్మ బాగా రావడం లేదని వాటిని తిప్పినవాళ్లు తిరిగి సరిచేసుకోలేరు.

ఇంకో విషయం కొత్తవాళ్లను గంటలకొద్దీ తిప్పలు పెడుతుంది. రేకు తీసి పెట్టి, కిటికీ పక్కన ఎండ వెలుతురులో క్యాసెట్టు తిప్పి చూస్తారు. అది నడవదు, ఆగిపోతుంది. నిజానికి యంత్రంలో లోపమేమీ లేదు. వీహెచ్‌ఎస్ టేపు రెండు చివర్లా కొంత మేర పారదర్శకంగా ఉంటుంది. క్యాసెట్టు మధ్యలోకి లేచే చిన్న దీపం వెలుతురు ఆ పారదర్శక ముక్కలోంచి పక్కనున్న కన్నుకు తగలగానే టేపు అయిపోయిందని యంత్రం ఆగుతుంది. రేకు లేకపోతే బయటి వెలుతురే ఆ కంటికి తగులుతుంది. పైన ఒక అట్టముక్క కప్పితే నడుస్తుంది.

ఇరుక్కుపోయిన క్యాసెట్టు సంగతికొస్తే, చేయకూడనివి రెండు: లాగకూడదు, కోయకూడదు. ప్లగ్గు పీకి, రేకు తీసి, టేపును బయటికి లాగే చేతులను నడిపే చిన్న మోటారు చక్రాన్ని వేలితో వెనక్కి తిప్పితే ఆ చేతులు వాటి చోటికి వెళ్లిపోతాయి. వదులైన టేపును క్యాసెట్టు చక్రం తిప్పుతూ లోపలికి చుట్టుకోవాలి. పావుగంట పడుతుంది. ఓపిక పట్టినవాళ్లకు ఒక్క బొమ్మ కూడా పోదు.

వీసీడీ ఉంది కదా అనుకుంటే

2000 తర్వాత చాలామంది పెళ్లి క్యాసెట్టును ఫొటో స్టూడియోకి ఇచ్చి వీసీడీగా మార్పించుకున్నారు. ‘సీడీ చేయించాం కదా, ఇక క్యాసెట్టు ఎందుకు’ అని పారేశారు. ఆ నిర్ణయం సరైంది కాదు. వీసీడీ బొమ్మలో నిలువునా ఉండేది 288 వరసలే, పాల్ టీవీ బొమ్మ వరసల్లో సగం. టేపులో సెకనుకు 50 అరబొమ్మలు ఉంటే వీసీడీలో మిగిలేవి 25 బొమ్మలు. అందుకే అందులో తలంబ్రాలు గింజలుగా కాక గళ్లు గళ్లుగా పడతాయి. ఒక డిస్కులో పట్టేది 74 నిమిషాలే గనుక, ఆ రోజుల్లో సినిమా చూస్తూ మధ్యలో లేచి రెండో డిస్కు పెట్టడం అందరికీ అలవాటే. క్యాసెట్టు ఇంకా ఉంటే అసలు బొమ్మ అందులోనే ఉంది. వీసీడీ దానికి నకలు, అదీ కుదించిన నకలు.

అయినా ఆ డిస్కులను కూడా జాగ్రత్త చేసుకోవాలి, ముఖ్యంగా క్యాసెట్టు ఇక లేని ఇళ్లు. డిస్కు లోపలి నుంచి బయటికి, సర్పిలంగా తిరిగే ఒకే దారి. సీడీలో ఆ దారి చుట్టుకూ చుట్టుకూ మధ్య దూరం 1.6 మైక్రాన్లు, డీవీడీలో 0.74. లేజర్ కిరణం అడుగున ఉన్న ప్లాస్టిక్ గుండా పైకి చూసి చదువుతుంది. సీడీ, వీసీడీల్లో సమాచారం ఉండేది పేరు రాసే వైపున, సన్నని లక్క పూత కింద. అందరూ మెరిసే వైపును అపురూపంగా చూసుకుని, పేరు రాసే వైపు బాల్‌పెన్నుతో గట్టిగా రాస్తారు. జరిగే నష్టం అక్కడే. కింది వైపు గీతకు మందుంది, పైవైపు గీతకు లేదు. డీవీడీలో సమాచారం రెండు పలకల మధ్య ఉంటుంది గనుక ఆ బెడద తక్కువ.

తుడిచేటప్పుడు మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకు సూటిగా తుడవాలి, గుండ్రంగా కాదు. సీడీలో తప్పులను సరిదిద్దే లెక్క ఒకటి ఇమిడి ఉంది. దారి వెంట రెండున్నర మిల్లీమీటర్ల దాకా సమాచారం పోయినా అది పూడ్చుకోగలదు. అడ్డంగా పడిన గీత దారిని ఒక్క చోట దాటిపోతుంది, లెక్క దాన్ని పూడ్చేస్తుంది. గుండ్రంగా పడిన గీత దారి వెంటే పోతుంది. అక్కడ పాట స్ట్రక్ అయిపోతుంది.

పళ్లపేస్టుతో రుద్దితే గీతలు పోతాయన్న చిట్కా చాలా ఇళ్లలో ఉంది. అది ప్లాస్టిక్‌ను కొద్దిగా అరగదీస్తుంది గనుక లోతులేని గీతలకు పని చేయవచ్చు. కానీ ఒక్కటే ఉన్న పెళ్లి డిస్కు మీద ఆ ప్రయోగం వద్దు. ముందు కంప్యూటర్ డ్రైవులో పెట్టి చూడాలి. స్టూడియోలో రాసిన డిస్కుల మీద వెలుతురు తక్కువగా తిరిగి వస్తుంది, పాత ప్లేయర్లు చదవలేనివాటిని వేరే డ్రైవు తేలిగ్గా చదివేస్తుంది. ఆ డిస్కుల్లో సమాచారం ఉండేది రంగు పొరలో. ఎండ తగిలే కిటికీ దగ్గర పెడితే ఆ పొర పాడవుతుంది. చదివిన రోజే హార్డ్‌డిస్కులోకి ఎక్కించుకోవడం మేలు.

ప్లేయర్ ట్రే బయటికి రాకపోతే చాలాసార్లు తప్పు ఒక చిన్న రబ్బరు బెల్టుదే. ఏ డిస్కూ చదవకపోతే లేజర్ మీది బుల్లి ప్లాస్టిక్ కటకాన్ని ఆల్కహాల్ అద్దిన మెత్తటి పుల్లతో తాకీతాకనట్టు తుడవాలి. ప్లగ్గు పెట్టి ఉండగా అందులోకి తొంగి చూడకూడదు. సీడీ చదివే కిరణం కంటికి కనిపించదు, కంటికి చేటు మాత్రం చేస్తుంది.

అమెరికా నుంచి వచ్చిన క్యాసెట్టు

1990లలో అమెరికా వెళ్లిన తెలుగు కుటుంబాలు పిల్లల మొదటి పుట్టినరోజు, గృహప్రవేశం క్యాసెట్లు ఊళ్లోని అమ్మమ్మలకు పంపేవి. ఇక్కడ పెడితే బొమ్మ నలుపు తెలుపుగా దొర్లిపోయేది. క్యాసెట్టు పాడయిందని బాధపడేవారు. కారణం పద్ధతుల తేడా. అమెరికా ఎన్‌టీఎస్‌సీ పద్ధతిలో 525 గీతలు, సెకనుకు 30 బొమ్మలు. మన పాల్‌లో 625 గీతలు, 25 బొమ్మలు. టేపు నడిచే వేగం కూడా వేరు. గల్ఫ్ నుంచి తిరిగొచ్చినవాళ్లు తెచ్చుకున్న మల్టీసిస్టమ్ వీసీఆర్ ఊళ్లో ఒకటి ఉంటే ఈ చిక్కు తీరుతుంది. భుజం మీద మోసే పెద్ద క్యామెరాలో తీసినవి కాక, అరచేతిలో ఇమిడే 8 మిల్లీమీటర్ల క్యాసెట్లుంటే వాటిని వీసీఆర్‌లో పెట్టే అడాప్టర్ ఎక్కడా లేదు. అదే రకం క్యామెరా సంపాదించవలసిందే.

ఎంత కాలం ఉంది

సోనీ బీటామ్యాక్స్ క్యాసెట్ల తయారీని 2016 మార్చిలో ఆపేసింది. అదే ఏడాది జులైలో జపాన్ కంపెనీ ఫునై వీసీఆర్ల తయారీ మానుకుంది. ఆ రోజుతో ప్రపంచంలో కొత్త వీసీఆర్ పుట్టడం ఆగిపోయింది. ఆస్ట్రేలియా జాతీయ ఫిల్మ్, సౌండ్ ఆర్కైవ్ 2015లోనే ‘డెడ్‌లైన్ 2025’ పేరుతో హెచ్చరిక ప్రకటించింది. టేపులు పాడవడం కంటే ముందే వాటిని తిప్పే యంత్రాలు, విడిభాగాలు, పని తెలిసిన చేతులు కరువవుతాయన్నది ఆ హెచ్చరిక. 2019లో యునెస్కో కూడా అంతర్జాతీయ శబ్ద, దృశ్య ఆర్కైవుల సంఘంతో కలిసి ఇదే మాట చెప్పింది. ఆ గడువు దాటిపోయింది.

ఒక మనిషి పట్టుదల ఏం చేయగలదో చెప్పడానికి ఫిలడెల్ఫియాలోని మేరియన్ స్టోక్స్ కథ ఉంది. గ్రంథాలయంలో పని చేసిన ఆమె 1979 నుంచి 2012లో కన్నుమూసే దాకా టీవీ వార్తలను రాత్రింబవళ్లు తన ఇంట్లో క్యాసెట్ల మీద రికార్డు చేశారు. ఒక్కోసారి ఎనిమిది యంత్రాలు ఒకేసారి నడిచేవి. ఆరు గంటలకోసారి క్యాసెట్టు మార్చాలి గనుక ఇంటివాళ్ల దినచర్య అంతా దాని చుట్టూనే తిరిగేది. అలా పోగైనవి దాదాపు 70 వేల క్యాసెట్లు. టీవీ స్టేషన్లు తామే చెరిపేసుకున్న ప్రసారాలు వాటిలో మిగిలాయి. ఇప్పుడవి ఇంటర్నెట్ ఆర్కైవ్ దగ్గర ఉన్నాయి. ఇంటి వీసీఆర్ అంతటి పని చేసింది.

పెళ్లి క్యాసెట్టుకు కావలసింది అందులో పిసరంత. పరీక్షించిన యంత్రంలో క్యాసెట్టును ఒకసారి చివరిదాకా ముందుకు, మళ్లీ మొదటికి తిప్పితే బిగువు సమానమవుతుంది. వీసీఆర్ వెనక పసుపు, తెలుపు తీగల నుంచి కంప్యూటర్లోకి వీడియోను తీసుకునే చిన్న పరికరాలు దొరుకుతున్నాయి. తీసుకునేటప్పుడు బొమ్మను 720కి 576 కొలతలోనే ఉంచాలి, కుదించవద్దు. ఫైలును మూడు చోట్ల దాచాలి, వాటిలో ఒకటి వేరే ఊళ్లో ఉన్న పిల్లల దగ్గరో అన్నదమ్ముల దగ్గరో ఉండాలి. ఆ తర్వాత కూడా క్యాసెట్టును పారేయకుండా మొదటికి తిప్పి, డబ్బాలో, పుస్తకంలా నిలబెట్టి దాచాలి.

మూడు గంటల క్యాసెట్టును ఎక్కించడానికి మూడు గంటలు పడుతుంది, అడ్డదారి లేదు. ఆ మూడు గంటలూ ఇంట్లో పెద్దవాళ్లను పక్కన కూర్చోబెట్టుకోండి. పీటల దగ్గర నిలబడ్డ ఆ పెద్దాయన ఎవరు, బుగ్గన చుక్క పెడుతున్న ఆ పిన్నిగారు ఎవరి తరఫు, బంతి భోజనాల్లో వడ్డిస్తున్న కుర్రాడు ఇప్పుడెక్కడున్నాడు అని అడిగి, నిమిషంతో సహా ఒక నోటుపుస్తకంలో రాసి పెట్టుకోండి. ఆ పేర్లు టేపు మీద లేవు, వాళ్లకే తెలుసు.